ఖనికొచ్చిన లొరాక్

అగాథా క్రిస్టీ 66 డిటెక్టివ్ నవలలు రాసింది. ఎంత పొదుపుగా చదువుకున్నా ఏదో ఒక రోజు అయిపోతాయి. మళ్లీ చదవొచ్చు కదా అంటారు. చదవొచ్చు. కానీ హంతకుడెవరో తెలిసిన నవల చదవడంలో ఉన్న సుఖం వేరు, తెలియని నవలను సగంలో మూసి నిద్రపట్టక దొర్లడంలో ఉన్న సుఖం వేరు. ఆ రెండో సుఖం కోసం చాలామంది గడపలు తొక్కాను. డొరొతీ సేయర్స్ గొప్ప రచయిత్రే. కాకపోతే ఆమె డిటెక్టివ్ లార్డ్ పీటర్ విమ్సీ ఒక ప్రభువుగారు; ఆయన వైన్ల గురించీ, అరుదైన పాత పుస్తకాల గురించీ మాట్లాడుతుంటే నాకు శవం సంగతే మరుపుకొచ్చేది. ఈ కాలం వాళ్లలో ఆంథొనీ హొరోవిట్జ్ 'మాగ్‌పై మర్డర్స్' (2016), రిచర్డ్ ఆస్మన్ 'ద థర్స్‌డే మర్డర్ క్లబ్' (2020) హాయిగా చదివించాయి. అయితే వీళ్లు పాత పద్ధతిని ప్రేమతో అనుకరిస్తున్నవాళ్లు. అనుకరిస్తున్నామని వాళ్లకు తెలుసు, మనకు తెలుసన్నదీ వాళ్లకు తెలుసు. ఆ కన్నుకొట్టుడు లేని పుస్తకం కావాలి నాకు.

హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో ఈ.సి.ఆర్. లొరాక్ దొరికింది. అట్ట చూసి కొన్నాను. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ, మరుగున పడ్డ నవలలను 'క్రైమ్ క్లాసిక్స్' పేరుతో పాతకాలపు రైల్వే పోస్టర్ల లాంటి అట్టలు వేసి మళ్లీ అచ్చేస్తోంది. ఆ వరసలో వచ్చిన జెఫర్సన్ ఫార్జన్ 'మిస్టరీ ఇన్ వైట్' 1937 నాటి నవల. 2014 క్రిస్మస్‌కు కొత్త నవలలతో పోటీపడి అమ్ముడుపోయి వార్తలకెక్కింది. లొరాక్‌ను కూడా వాళ్లే మళ్లీ బతికించారు. నాకు ఆమె కొత్త రచయిత్రి. నిజానికి 1958లోనే చనిపోయిన మనిషి.

అసలు పేరు ఎడిత్ కరొలైన్ రివెట్. 1894లో పుట్టింది. కరొల్ అన్న పేరును తిరగేసి లొరాక్ అని పెట్టుకుంది. ముందు మూడు పొడి అక్షరాలు ఉండేసరికి చాలామంది పాఠకులు మగాయన అనుకున్నారు. (మన దగ్గర 1970ల్లో కథ తిరగబడింది. ఆడవాళ్ల నవలలకే గిరాకీ అని మగవాళ్లు ఆడపేర్లు తగిలించుకున్నారు.) 1931లో మొదలుపెట్టి, కొన్ని లొరాక్‌గా, కొన్ని కరొల్ కార్నాక్‌గా, మొత్తం డెబ్బైకి పైగా నవలలు రాసింది. రాతప్రతిగా మిగిలిపోయిన 'టూ-వే మర్డర్' అయితే 2021లో గాని మొదటిసారి అచ్చుకాలేదు. డెబ్బై! ఆ అంకె చూడగానే నాకు కలిగిన ధైర్యం ఇంతా అంతా కాదు. మిగిలిన జీవితానికి ఢోకా లేదు.

నాకు దొరికింది 1945 నాటి 'మర్డర్ బై మ్యాచ్‌లైట్'. యుద్ధకాలం. జర్మన్ విమానాలకు ఆనవాలు దొరక్కూడదని లండన్‌లో రాత్రిళ్లు వెలుతురన్నది బయటికి రానిచ్చేవాళ్లు కాదు. రీజెంట్స్ పార్కులో బ్రూస్ మాలేగ్ అనే యువకుడు చీకట్లో ఉంటాడు. దగ్గర్లో ఒక చిన్న కాలివంతెన. దాని మీద ఒకడు అగ్గిపుల్ల గీస్తాడు. ఆ వెలుగులో ఇంకో మొహం, భయంకరంగా, రెప్పపాటు. పుల్ల ఆరిపోతుంది. కాసేపటికి వంతెన మీద శవం.

ఇది చదివి నాలాంటి గోదావరిఖని మనిషి ఉలిక్కిపడేది హత్యకు కాదు, అగ్గిపుల్లకు. మా బొగ్గుబాయిల దిగేముందు ఒళ్లంతా తడిమి చూస్తారు. బీడీకట్ట, అగ్గిపెట్టె జేబులో ఉంటే లోపలికి పోనివ్వరు. బొగ్గులో మీథేన్ ఉంటుంది, ఒక్క పుల్ల చాలు. చీకట్లో అగ్గిపుల్ల గీసినవాడు అప్పటికే ఏదో నేరం చేశాడనే భావం మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా ఉంటుంది. లొరాక్ ఈ సంగతి కలలో కూడా అనుకుని ఉండదు. అయినా ఆమె పెట్టిన మొదటి దృశ్యం లండన్ పాఠకుడికంటే నాకే ఎక్కువ అందిందని నా అనుమానం.

ఈ రకం నవలలన్నిటికీ ఇరుసు ఒక్కటే ప్రశ్న: ఆ వేళకు నువ్వెక్కడున్నావు? ఇంగ్లండ్ పల్లెటూళ్లో ఈ ప్రశ్నకు జవాబు రాబట్టడానికి రచయితలు నానా తంటాలు పడతారు. చర్చి గడియారం, రైళ్ల టైంటేబుల్, బట్లర్ మోగించే భోజనం గంట. లొరాక్ 1944 నాటి 'చెక్‌మేట్ టు మర్డర్'లో ఒక చిత్రకారుడి స్టూడియోలో అందరినీ ఒకచోట కూర్చోబెడుతుంది. ఒకాయన బొమ్మ వేస్తుంటాడు, ఒకాయన వేషం వేసుకుని అతని ముందు కదలకుండా కూర్చుంటాడు, ఇద్దరు చదరంగం ఆడుతుంటారు. పక్కింటి పిసినారి ముసలాయన హత్య అవుతాడు. వీళ్లెవరూ కదల్లేదంటారు. చక్కని అమరిక. మా దగ్గరైతే ఇంత కష్టం అక్కర్లేదు. ఉదయం ఏడింటికి మొదటి షిఫ్టు, మూడింటికి రెండోది, రాత్రి పదకొండింటికి మూడోది. క్వార్టర్ల వరసలో ఏ ఇంటాయన ఏ వారం ఏ షిఫ్టులో ఉన్నాడో ఆ వరస ఆడవాళ్లందరికీ తెలుసు. బాయి కాడ మస్టర్ (హాజరు) పడుతుంది. ల్యాంప్ రూమ్‌లో ఎవరి నంబరు దీపం వారిది. దీపం దాని చోట లేదంటే మనిషి లోపల ఉన్నట్టు. షిఫ్టు దిగాక ఒక్క దీపం వాపసు రాకపోయినా ఎవరో వెతుక్కుంటూ పోవాల్సిందే. ఊరు ఊరంతా రోజుకు మూడుసార్లు సాక్ష్యం చెప్పుకుంటూ బతికే చోట డిటెక్టివ్ నవల పుట్టకపోవడమే విచిత్రం.

మా నాయిన కోల్ ఫిల్లర్. ఎన్ని టబ్బులు నింపితే అంత కూలి. ఆయన చదివింది అయిదో తరగతి. చదివిన పుస్తకాలు అద్దె షాపులో దొరికిన కొమ్మూరి సాంబశివరావు నవలలు. కొమ్మూరి (1926–1994) సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ మద్రాసులో ఉంటాడు, అసిస్టెంటు రాజు ఉంటాడు, పోలీసుల తరఫున ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు వచ్చిపోతుంటాడు. నాయిన రెండో షిఫ్టు దిగొచ్చి, తానం చేసి, తిని, ఎంత రాత్రయినా పది పేజీలు చదవందే పండుకునేవాడు కాదు. అమ్మ లైటు గురించి సణిగేది. ఆయనకు సొంత పద్ధతి ఒకటి ఉండేది. ఎవరి మీద అనుమానం వస్తే వాళ్ల పేరు దగ్గర వేలు పెట్టి నాతో అనేవాడు: "ఈనికి ఆ టైంల మస్టర్ లేదురా. ఈడే." సగంసార్లు ఆయన చెప్పినవాడే అయ్యేవాడు. తర్వాత ఇంగ్లీషులో 'ఎలిబీ' అన్న మాట నేర్చుకున్నప్పుడు నాకు కొత్తగా నేర్చుకున్నట్టు అనిపించలేదు.

ఆ రోజుల్లో ఈ బొగ్గుబెల్టులో అలాంటి పుస్తకాలకు గౌరవం లేదు. 1981లో సికాస (సింగరేణి కార్మిక సమాఖ్య) వచ్చింది. అల్లం రాజయ్య కథలు చేతులు మారేవి. పి. చంద్ ఇక్కడి కార్మికుల బతుకులనే నవలలుగా రాశాడు. వాటి ముందు యుగంధర్‌ను పట్టుకుని కూర్చున్నవాణ్ని చూసి, మత్తుమందు తింటున్నావని నవ్వేవాళ్లు. ఆ మాటలో కొంత నిజముంది. కానీ డిటెక్టివ్ నవల ఒక పాడు అలవాటు నేర్పుతుంది: మొదట చెప్పిన కథను నమ్మకపోవడం. పెద్దమనిషి, మర్యాదస్తుడు, బంగ్లాలో ఉండేవాడు, ఆయన చెప్పింది మొదట రాసుకో, తర్వాత కొట్టెయ్. ఈ అలవాటు ఉన్న కార్మికుడు యూనియన్‌కు పనికిరాడా?

లొరాక్‌ను చదువుతూ చదువుతూ నేను పాత క్రిస్టీలను కూడా మళ్లీ తిరగేశాను. ఈసారి హంతకుల కోసం కాదు, బొగ్గు కోసం. నిజం, ఇంగ్లీషు మిస్టరీల్లో ఉన్నంత బొగ్గు ఇంకే సాహిత్యంలోనూ లేదు. ప్రతి గదిలో పొయ్యి, ప్రతి పొయ్యి పక్కన బొగ్గు బొక్కెన. క్రిస్టీ మొదటి నవల 'ద మిస్టీరియస్ ఎఫైర్ ఎట్ స్టైల్స్'లో నడి వేసవిలో ఒకావిడ పడగ్గదిలో పొయ్యి ఎందుకు వెలిగించమన్నదన్నదే పెద్ద ఆధారం. మా రామగుండం ఎండల్లో కూర్చుని చదివేవాడికి ఆ ఆధారం ఎంత గట్టిగా తగులుతుందో ఆలోచించండి. 1926లో వచ్చిన 'ద మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్‌రాయిడ్'లో డిటెక్టివ్ పొయిరో బట్లర్‌ను గుచ్చిగుచ్చి అడిగేదాంట్లో, గదిలోకి వచ్చినప్పుడు పొయ్యిలో నిప్పు ఎలా ఉందన్నది ఒకటి. నిప్పు ఎంత సన్నగిల్లిందో దాన్నిబట్టి టైము లెక్క.

బొగ్గు ఉంది. బొగ్గు తవ్వినవాడు మాత్రం ఎక్కడా లేడు. అదే 1926లో మే నుంచి నవంబరు దాకా పది లక్షలకు పైగా బ్రిటిష్ గని కార్మికులు లాకౌట్‌లో ఉన్నారు. ఆక్‌రాయిడ్ గారి ఇంట్లో మాత్రం పొయ్యి మండుతూనే ఉంది. కానన్ డాయిల్ 'ద వ్యాలీ ఆఫ్ ఫియర్' (1915)లో బొగ్గు లోయ ఒకటుంది గాని అది అమెరికాలోది. గని ఊళ్లోకి దిగి రాసిన ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల్లో నాకు నచ్చింది రెజినాల్డ్ హిల్ 'అండర్‌వరల్డ్'. అది వచ్చేసరికి 1988, గని కార్మికుల మహా సమ్మె ఓడిపోయి మూడేళ్లయింది. క్రిస్టీని నిందించడానికి చెప్పడం లేదు ఇది. ఆమె తనకు తెలిసిన ఇళ్ల గురించి రాసింది. పుస్తకంలో రావాల్సిన మనిషి రాలేదని గుర్తుపట్టడం కూడా డిటెక్టివ్ పనే కదా అని చెబుతున్నాను.

అసలు డిటెక్టివ్ కథ కావాలంటే మా గనుల కంపెనీ సింగరేణి పుట్టుకలోనే ఉంది. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. తవ్వుకునే హక్కు 1886లో లండన్‌లో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి పోయింది. ఆ కంపెనీ షేర్లను నిజాం సర్కారు చేత ఎక్కువ ధరకు కొనిపించింది సర్కారు తరఫు పెద్ద అధికారి అబ్దుల్ హఖ్. కొనిపించినవాడికే అమ్మకంలో వాటా ఉందని బయటపడింది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు దాని మీద కమిటీ వేసి విచారణ జరిపింది. బొగ్గు బయటికి రావడానికి ఇంకో ఏడాది పట్టింది, విచారణ మాత్రం ముందే వచ్చింది. దీన్ని నవల చేసినవాళ్లు ఎవరైనా ఉంటే నాకు చెప్పండి.

ఇంకోటి కూడా ఉంది, ఇది మా వీధుల్లోది. ఈ నవలల్లో చచ్చినవాడి జేబులో దొరికిన కార్డు మీది పేరు అతనిదేనని నమ్మకూడదు. యుద్ధకాలం బ్రిటన్‌లో ప్రతివాడికీ గుర్తింపు కార్డు ఉండేది కాబట్టి ఆ కాలపు రచయితలు దానితో బాగా ఆడుకున్నారు. చదువుతున్న నాకు ఇందులో ఏ ఆశ్చర్యమూ లేదు. సింగరేణిలో మారుపేర్ల సమస్య అని ఒకటి ఏళ్ల తరబడి నలిగింది. ఒకప్పుడు బాయి పనికి అన్న సర్టిఫికెట్ మీద తమ్ముడు చేరేవాడు, ఊళ్లో పేరు ఒకటి, మస్టర్‌లో పేరు ఒకటి. ముప్పై ఏళ్లు ఆ రెండో పేరుతోనే పిలిపించుకుని, జీతం తీసుకుని, దెబ్బలు తగిలించుకుని, చివరికి కొడుక్కి డిపెండెంట్ ఉద్యోగం అడిగేసరికి "నువ్వు ఎవరి కొడుకువి" అన్న ప్రశ్న వచ్చేది. తండ్రి మారువేషంలో ఉన్నాడన్న సంగతి తండ్రికి తప్ప ఎవరికీ తప్పనిపించని ఊరు ఇది. ఎన్నికలొచ్చినప్పుడల్లా యూనియన్ల మేనిఫెస్టోల్లో మారుపేర్లు ఉండేవి. లొరాక్ ఇన్‌స్పెక్టర్‌ను తెచ్చి మా క్వార్టర్లలో వదిలితే మొదటి వారంలోనే తల పట్టుకుని కూర్చుంటాడు.

అతని పేరు రాబర్ట్ మాక్‌డొనాల్డ్. స్కాట్లండ్ మూలాలవాడు, పెళ్లి కాలేదు, గొంతు పెంచడు, నడవడం ఇష్టం. విచిత్రమైన మీసాలు గాని, వయొలిన్ గాని లేవు. అందుకే మరుగున పడ్డాడేమో. మామూలుగా పని చేసుకుపోయే మనిషిని పాఠకులు గుర్తుపెట్టుకోరు. లొరాక్ లోపాలు కూడా చెప్పాలి: క్రిస్టీలా నేలను కాళ్ల కింద నుంచి లాగడం ఆమెకు రాదు. కొన్నిసార్లు మూడొంతుల దగ్గరే దొంగ ఎవరో పట్టేయొచ్చు. సంభాషణలు ఒక్కోసారి సాగుతాయి. ఇవన్నీ ఉన్నా నేను ఆమెకు పట్టుబడిపోవడానికి కారణం పనిచేసే మనుషులు. డెవన్ పల్లెలో జరిగే 'ఫైర్ ఇన్ ద థాచ్' (1946), లాంకషైర్‌లోని లూన్ నది లోయలో జరిగే 'క్రూక్ ఓ లూన్' (1953) చూడండి. పొలం, గొర్రెలు, గోడ కట్టే రాయి, వీటి గురించి తెలిసిన మనిషి రాసినట్టు ఉంటుంది. మాక్‌డొనాల్డ్ రైతు దగ్గరికి పోయి నిలబడి, అతని పని అయ్యేదాకా ఆగి, అప్పుడు అడుగుతాడు.

అన్నిటికంటే నన్ను ఆపేసింది 'మ్యాచ్‌లైట్'లోని ఒక సంగతి. బాంబులు పడుతున్న ఊరు. ఒక్కో రాత్రి వీధులకు వీధులు పోతున్నాయి. చనిపోయినవాడేమో అంత మంచివాడు కూడా కాదు, ఊరి సొమ్ము తిని బతికే బాపతు. ఇంతమంది చస్తుంటే వీడి చావు ఏ లెక్కలోదని ఎవరైనా అనొచ్చు. మాక్‌డొనాల్డ్ అనడు. ఎవడు, ఎందుకు, ఎలా అన్న మూడు ప్రశ్నలూ ఆ అనామకుడికి కూడా పూర్తిగా వేస్తాడు, జవాబులు దొరికేదాకా. మొదటి ప్రపంచ యుద్ధంలో లెక్కలేనంతమంది పోయి, ఒక్కొక్కరి చావుకు జవాబుదారీ లేని ఏళ్ల తర్వాతే ఇంగ్లండ్‌లో ఈ నవలలు అంతగా విరగబూశాయి. ఒక్క చావు, దానికి రెండువందల యాభై పేజీల జవాబు. ఆ జవాబు కోసమే జనం చదివారని నేననుకుంటాను.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబరు 16న 8ఏ ఇంక్లైన్‌లో పైకప్పు కూలి 10 మంది. ఇలాంటి రోజున ఊళ్లో వినబడే మొదటి మాట ఏడుపు కాదు, ప్రశ్న: ఏ షిఫ్టు? లోపల ఎవరెవరున్నారో మస్టర్ చెబుతుంది, దీపాలు చెబుతాయి. 'ఎవరు' అన్నది నిమిషాల్లో తేలుతుంది. 'ఎందుకు' అన్నదే తేలదు. నీళ్లు చొచ్చుకొచ్చిన ప్రమాదమంటే పాత తవ్వకాల ప్లాన్‌లు తియ్యాలి, ప్లాన్ మీద గీత ఎక్కడుంది, నిజంగా బొగ్గు ఎక్కడిదాకా తీశారు, మధ్యలో వదలాల్సిన గోడ ఎంత మందం ఉంది అని కొలవాలి. గనుల భద్రతా శాఖ వస్తుంది, విచారణ జరుగుతుంది, కాగితాలు పెరుగుతాయి. డ్రాయింగ్ రూమ్‌లో అందరినీ కూర్చోబెట్టి ఒకరి వైపు వేలు చూపించే చివరి అధ్యాయం రాదు. వేలు చూపించగలిగినంత చిన్న కారణాలు కావు అవి. ఈ తేడా తెలిసే మా ఊరివాళ్లు డిటెక్టివ్ నవలలు చదువుతారు. తెలియక కాదు.

లొరాక్‌ను నేను ఒక్కణ్నే దాచుకోలేకపోయాను. మా వీధిలో ఒక రిటైర్డ్ ఓవర్‌మెన్ ఉన్నాడు, నాకంటే పెద్దవాడు, అన్న అంటాను. ఇంగ్లీషు మెల్లగా చదువుతాడు, పరీక్షల కోసం గనుల నిబంధనలన్నీ ఇంగ్లీషులో బట్టీపట్టిన మనిషి. పుస్తకం పేరులో అగ్గిపుల్ల ఉందని తీసుకుపోయాడు. నాలుగో రోజు రాత్రి ఫోను చేసి రమ్మన్నాడు. పోయేసరికి పెరట్లో లైట్లన్నీ ఆర్పించాడు. కోడలు గొణుగుతోంది. నన్ను గోడ దగ్గర నిలబెట్టి, మనవణ్ని తన వెనక నిలబెట్టుకుని, అగ్గిపుల్ల గీశాడు.

"ఏం కనవడ్డది తమ్మీ?"

"మీ మొహం కనబడింది. వెనకాల పిల్లగాని పండ్లు కనబడ్డాయి."

"నవ్వద్దని చెప్పిన గదరా!" మనవడికి ఒకటి పడింది. ఇంకో పుల్ల. ఇంకోటి. ఒకసారి పుల్ల కిందికి పట్టుకున్నాడు, ఒకసారి పక్కకు. అగ్గిపెట్టె సగం అయ్యాక తీర్పు చెప్పాడు. "నేను ముప్పై ఏండ్లు టోపీ లైటుతోని మనుషుల మొహాలు చూసిన. కిందికెళ్లి లైటు పడితె ఎవని మొహమైనా దయ్యమోలెనే ఉంటది. ఆ పోరగాడు చూసిన మొహం కోర్టుల నిలవడది."

"మాక్‌డొనాల్డ్ కూడా ఒక్క దానిమీదే ఆధారపడలేదు కదన్నా."

"ఆయన మంచోడే. పద్ధతి ఉన్నది. కని ఒక్కటి అడగలె." కుర్చీలో కూర్చుని కాళ్లు చాపాడు. "పార్కుకు గేటు ఉన్నదా లేదా? గేటు కాడ మనిషి ఉన్నడా లేదా? లోపలికి ఎంతమంది పోయిండ్రు, బయటికి ఎంతమంది వచ్చిండ్రు, రిజిస్టర్ ఏది?"

పార్కుల్లో అలాంటి రిజిస్టర్ ఉండదన్నాను.

"ఉండదా?" అన్నాడు, నమ్మలేనట్టు. "మరి ఎట్ల నడుపుతుండ్రు?"